పద్నాలుగు విప్పిన రోజు

బేస్‌బాల్ ఆటలో నన్ను ఎక్కువగా బల్ల మీదే కూర్చోబెడతారు. బంతి నా దాకా రాదు కాబట్టి చూడ్డానికి తీరిక ఎక్కువ.

మాది కోతమిల్లు జట్టు. దుంగలు కోసేవాళ్ళం, చెక్కలు పేర్చేవాళ్ళం కలిపి పదమూడు మందిమి. నీలం చొక్కాలు, వీపు మీద తెల్ల నంబర్లు. జట్టు పుట్టినప్పుడు లారీ మీద కప్పే మందపాటి గుడ్డలోంచి ఒకటి నుంచి పద్నాలుగు దాకా కత్తిరించారు. మళ్ళీ కత్తిరించింది లేదు. ఎవరైనా మానేస్తే వాళ్ళ నంబరు విప్పి కొత్తవాళ్ళ చొక్కాకి కుడతాం. తొడిగినవాళ్ళే తమ చేత్తో విప్పాలి. వెనకటికి ఒకడు తొందరపడి పక్కవాడి చొక్కాకి కత్తెర పెడితే ఎనిమిది కాస్తా మూడైంది. మూడు మాకు ముందే ఉంది, కాబట్టి నంబర్లు పదమూడే మిగిలాయి. అప్పట్నుంచీ ఈ కట్టుబాటు.

పద్నాలుగు మేస్త్రీది. మిల్లులో రంపాలకు పదును పెట్టే పెద్దాయన. బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని బంతులు పట్టే క్యాచర్‌గా ఇరవై రెండేళ్ళు ఆడాడు. ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. ఆ చోటు ఆయన మేనకోడలికి ఇచ్చారు. చెక్కలు పేర్చే పని ఆమెది, ఒక బిడ్డ తల్లి. చిన్నప్పుడు పెరట్లో గ్లవ్ తొడిగి బంతి పట్టడం నేర్పింది ఆయనే. చోటు ఇవ్వడానికి సంతోషంగానే ఒప్పుకున్నాడు. నంబరు దగ్గరే ఆగిపోయాడు.

నేనూ ఆమె పని దిగి ఒకే దారిన ఇంటికి పోతాం. దారిలో మేస్త్రీ ఇల్లు. రోజూ గుమ్మం దగ్గర ఆగి అడిగేది.

"మావయ్యా, విప్పావా?"

"విప్పుతున్నానే. కంగారేముంది."

"మూడు వారాలైంది."

"దారం గట్టిది. మీ అత్తయ్య కుట్టింది కదా. ఆవిడ ఏది పట్టుకున్నా ఓ పట్టాన వదలదు."

లోపల్నుంచి అత్తయ్య గొంతు వినిపించేది. "మిల్లు రంపాలన్నిటికీ పదును పెడతాడు. ఇంట్లో దారం తెంపే బ్లేడు కనపడలేదట."

చొక్కా తీగ మీద ఆరేసి ఉన్నప్పుడు చూశాను. మూడు వారాల్లో విప్పినవి నాలుగు కుట్లు.

ఆదివారం ఆటకి అంపైరు బడి గుమాస్తా. బడి హాజరు పట్టీ ఎలా రాస్తాడో ఆటగాళ్ళ పట్టీ కూడా అలాగే రాస్తాడు. "వీపు మీద నంబరు లేనివాళ్ళు గీత దాటి లోపలికి రాకూడదు," అన్నాడు. "ఇవాళ ఆట ముగిసేలోపు దిగనివాళ్ళ పేరు రాయను. ఇక వచ్చే ఏడే."

మేనకోడలి చొక్కా వీపు ఖాళీగా ఉంది. మేస్త్రీ వచ్చాడు, పద్నాలుగు తొడుక్కునే వచ్చాడు. ఆమె చూసింది. మా బల్ల చివర గ్లవ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"సుద్దముక్కతో రాయనా?" అన్నాను.

"చెమటకి పోతుంది బాబాయ్. ఉంటే కుట్టిందే ఉండాలి."

క్యాచర్‌గా మిల్లులో తూకం వేసే తూకాలాయన్ని కూర్చోబెట్టారు. మనిషి మంచివాడు. బంతి వస్తుంటే కళ్ళు మూసుకుంటాడు. మొదటిది కాళ్ళ మధ్య నుంచి పోయింది. మేస్త్రీ బల్ల మీద అటు నుంచి ఇటు జరిగాడు. రెండోది భుజం మీద నుంచి కంచె దాకా పోయింది. మేస్త్రీ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మూడోది తూకాలాయన ఛాతీకి తగిలి మడమ వెనక పడింది. ఆయన ముందంతా వెతుకుతుంటే అవతలివాళ్ళు పరుగు మీద పరుగు తీశారు.

"వీడు బంతి పడుతున్నాడా, దానికి దారి ఇస్తున్నాడా?" అన్నాడు మేస్త్రీ.

"ఆయనకి నంబరుంది మావయ్యా," అంది మేనకోడలు.

 మేస్త్రీ గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. ఆట చూడ్డానికి వచ్చి వెనక కూర్చున్న అత్తయ్య ఎవరూ అడక్కుండానే సంచిలోంచి బ్లేడు తీసి ఇచ్చింది. అది ఎప్పట్నుంచి ఆ సంచిలో ఉందో నేను అడగలేదు.

బనీనుతో కూర్చుని చొక్కా మోకాళ్ళ మీద పరుచుకున్నాడు. చెయ్యి మాత్రం పదును పెట్టే చెయ్యే. మావాళ్ళు బ్యాటింగ్‌కి వచ్చి, ఆడి, ఔటై వెళ్ళేలోపు ఒకటీ నాలుగూ రెండంకెలూ ఊడొచ్చాయి. చొక్కాకి చిన్న గీత కూడా పడలేదు.

అత్తయ్య వాటిని మేనకోడలి వీపు మీదే పెట్టి కుట్టింది. "కదిలావంటే తోలు కలిపి కుట్టేస్తా," అంది. ఆమె ఊపిరి బిగపట్టి కూర్చుంది.

మేస్త్రీ అటు చూడ్డం లేదు. తన చొక్కానే చూస్తున్నాడు. ఇరవై రెండేళ్ళ ఎండకి నీలం వెలిసి బూడిద రంగైంది. నంబరు ఉన్న చోట మాత్రం కొత్త చొక్కాలా ముదురు నీలం. ఒకటి పక్కన నాలుగు, అంచులు కూడా చెదరలేదు. బొటనవేలితో రాసి చూశాడు.

"ఇది ఇక్కడే ఉందే," అన్నాడు.

"ఎక్కడికి పోతుంది? ఎండ తగలనిచ్చావా దానికి," అంది అత్తయ్య దారం కొరుకుతూ.

మళ్ళీ తొడుక్కున్నాడు. అంపైరు మేనకోడలి వీపు చూసి పేరు రాసుకున్నాడు. తర్వాత మేస్త్రీ వీపు చూసి కలం ఆపాడు. "ఒక జట్టులో ఇద్దరు పద్నాలుగులు కుదరదండీ."

"నేను ఆడనుగా. కూర్చుంటాను. దానికి కూడా పట్టీ ఉందా మీ దగ్గర?"

గుమాస్తా కాగితాలు తిరగేశాడు. అలాంటి పట్టీ లేదు.

తూకాలాయన వచ్చి నా పక్కన కూలబడి హాయిగా కాళ్ళు చాపాడు. మేనకోడలు గొంతుక్కూర్చుంది. మొదటి బంతి గ్లవ్‌లో టప్పుమని పడింది.

"మోచెయ్యి దించు," అన్నాడు మేస్త్రీ.

ఆమె వెనక్కి చూడకుండానే దించింది.

ఆ ఆట మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ మూడూ తూకాలాయన పుణ్యమే. ఇంటికి పోయేటప్పుడు మేస్త్రీ అందరికంటే ముందు నడిచాడు. వెనక నుంచి చూస్తే ఆయన నంబరు ఇంకా బాగానే కనిపిస్తోంది.