గేటు గదిలో పది నిమిషాలు

రిజిస్టరులో మార్చి ముప్ఫై ఒకటి అని రాసి వాచ్‌మన్ కలం ఆపాడు. ముప్ఫై రెండేళ్ల కిందట ఇదే తేదీ. ఆ పొద్దున భార్య ఒక బ్రెడ్డు ముక్క, ఉడకబెట్టిన గుడ్డు సగం తిని, మిగతా సగం అతని పళ్లెంలో వేసి, “నా పాలు చాలడం లేదేమోనండీ” అంది. పిల్లకి అప్పుడు ఐదో వారం. అతను మారుమాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్లి పాలపొడి డబ్బా తెచ్చాడు. మంచిపనే చేశాననుకున్నాడు. నెల తిరక్కుండా ఆమెకి పాలు ఇంకిపోయాయి. పిల్ల బాగానే పెరిగింది. భార్య మాత్రం సీసా పట్టుకున్నప్పుడల్లా కిటికీలోంచి బయటికి చూసేది. ఏమిటని అతను అడగలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది. ఇక అడగడానికి లేదు.

ఇవాళ్టితో అతని ఉద్యోగం ఆఖరు.

పదకొండుకి కుట్టు షెడ్డులో బెల్లు మోగింది. అప్పటికే ఒక పెద్దావిడ మూడు నెలల మనవణ్ణి భుజాన వేసుకుని గేటు దగ్గరుంది. కోడలు షెడ్డులోంచి దాదాపు పరుగున వచ్చింది. జుట్టు నిండా దారప్పోగులు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, పిల్లాణ్ణి అందుకుని గేటు గదిలోకి వెళ్లింది.

బయటివాళ్లని లోపలికి రానివ్వరాదని గోడమీద రాసి ఉంది. గేటు గది లోపలి కిందికొస్తుందో, బయటి కిందికొస్తుందో ఎవరూ రాయలేదు. నెల రోజులుగా, రోజుకి మూడుసార్లు, ఆ సందులోనే పిల్లాడి కడుపు నిండుతోంది. వాచ్‌మన్ కిటికీకి న్యూస్‌పేపరు అడ్డంపెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఎండకి గొడుగు పట్టుకుని రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు.

“రేపట్నుంచి డబ్బాపాలే అన్నయ్యా,” అంది పెద్దావిడ. “కొత్తాయన రానిస్తాడా ఏంటి? అయినా దానికి పాలు చాలడం లేదులే. తాగిన గంటకే వీడు మళ్లీ రాగం తీస్తాడు.”

“మీరు గంటకోసారి టీ అడగరా చెల్లెమ్మా? చాలకనేనా?”

ఆవిడ నవ్వింది. “మగాడివి, నీకేం తెలుసు?”

“తెలియకే ఒకసారి డబ్బా కొన్నాను.”

ఆవిడ అతని మొహంలోకి చూసింది. గదిలోంచి పిల్లాడు గుటకలు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

బెల్లు మోగింది. కోడలు పిల్లాణ్ణి అత్తగారికి అందించి, “రేపెలా బాబాయ్?” అంది.

“మామూలుగానే రామ్మా.”

అది అతని చేతిలో లేదని ఇద్దరికీ తెలుసు.

ఆరుకి కొత్తాయన వచ్చాడు. ముప్ఫై దాటని మనిషి, యూనిఫాం మడతలు ఇంకా పోలేదు. వాచ్‌మన్ తాళాలు, టార్చి అప్పగించి, పిల్లాడి సంగతి చెప్పాడు.

“నాకెందుకండీ ఈ తలనొప్పి? సూపర్‌వైజరు అడిగితే?”

“ముసలాడు అలవాటు చేసిపోయాడని నామీద వేసెయ్.”

కొత్తాయన కూర్చుని బూటు లేసు విప్పి, మళ్లీ కట్టుకున్నాడు. “ఎంతసేపు?” అన్నాడు.

“పది నిమిషాలు.”

“అంతసేపూ నేను ఎండలో నిలబడాలా?”

వాచ్‌మన్ టిఫిన్ సంచి భుజానికి తగిలించుకుని, షెడ్డువైపు ఒకసారి చూసి, రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

చీకటి పడ్డాక కొత్తాయన గేటుకి తాళం వేసి వచ్చి, గది తలుపు చప్పుడు కాకుండా మూశాడు. తలుపు లోపలివైపు మేకుకి పాతాయన గొడుగు వేలాడుతోంది.