నాకు చేరని మెసేజ్‌లు

జొన్నరొట్టె పెనం మీద పడ్డదో లేదో ఫోన్ మోగింది. నా చేతుల నిండ పిండి. "పొద్దుగాల్నే ఏం పనంట గా దవాఖానోళ్లకు?" అన్నది మా అత్త లక్ష్మీనర్సమ్మ, కుర్చీలకెల్లి లేవకుండనే. మోచేత్తో స్పీకర్ నొక్కిన. మా మేనేజర్ మల్లికార్జున్ సారు. "స్నేహలతా, సర్వర్ టిక్కుటిక్కుమంటాంది. జల్ది రా!"

పొయ్యి బంద్ చేసి, సద్ది కట్టుకొని ఉరికిన.

పాలమూరుల ప్రైవేటు దవాఖాన మాది. కంప్యూటర్లకు నేనొక్కదాన్నే దిక్కు. రోగుల స్కానింగులు, రిపోర్టులు అన్నీ ఆ సర్వర్లనే ఉంటయి. అది టిక్కుమంటే లోపలి డిస్కు పోయే కాలమొచ్చినట్టే. రోజూ రాత్రి వాటి నకలు ఇంకో స్టోరేజీ డబ్బలకు పోతది. కొత్తకోటల బస్సెక్కినప్పటి సంది నాకు నేనే చెప్పుకున్న, నకలున్నది కదనే, ఫికరెందుకని.

పోయి చూస్తే నకలు లేదు. పోయిన నెల్లనే ఆగింది. స్టోరేజీ నిండిపోయింది, దేంతోటనుకున్నరు? పెద్ద డాక్టరు కొత్తింట్ల దిగిన వీడియోలతోటి! ఆ స్టోరేజీల బ్యాకప్ నకళ్లు తప్ప ఇంకెవ్వరూ ఏం పెట్టొద్దని నేను మొదలే మొత్తుకున్న. "అందరికి తెరిచిపెట్టమ్మా, మనోళ్లే కద," అన్నడు మేనేజర్ సారు. మనోళ్లే కద అంటే ఏనాడు ఎదురు చెప్పిన గనుక? తెరిచిపెట్టిన.

మరి బ్యాకప్ అయినా, ఆగినా నా ఫోన్‌కు మెసేజ్ రావాలె గదా! తీసి చూసిన. అన్నీ వచ్చినయి. అన్నీ మ్యూట్ల పడి ఉన్నయి. నా ఫోన్ ముట్టేది మా ఆయన పరమేష్ ఒక్కడే. ఆయనకు ఫోన్ చేసిన.

"అవా? నేనే బంద్ చేసిన. ఊకె టింగుటింగుమంటే అమ్మకు నిద్ర పడ్తలేదు."

"నాకొక మాట చెప్పాలె గదా?"

"గదేమన్న అంత పెద్ద ముచ్చటనా? పెండ్లాం ఫోన్ మొగడు చూస్తే తప్పా? సరేగని, అమ్మ బీపీ గోలీలు ఏడ పెట్టినవ్?"

"ఫ్రిజ్ మీద," అన్న. చెప్పినందుకు నా మీద నాకే మండింది.

కొత్త డబ్బ తెచ్చి అండ్ల వేరే షేర్ ఫోల్డర్ తయారుచేసిన. బ్యాకప్‌కు సొంతంగ ఓ పేరు, ఓ పాస్‌వర్డ్. అండ్ల రాసే హక్కు దానికొక్కదానికే. "నాకు గూడ ఆ హక్కు పెట్టు," అన్నడు సారు వెనకకెల్లి. "లేదు సార్," అన్న. నా గొంతేనా అనిపించింది.

కాపీ మొదలైంది. సర్వర్ టిక్కుమన్నప్పుడల్లా నా పానం నా తాన లేదు. ఇది మధ్యల సచ్చిపోతే ఎవరి గుండె స్కాన్ పోతదో, ఏ బాలింత రిపోర్టు పోతదో. అందరి చూపు నా మీదికే వస్తది. ఆడపిల్లకు అప్పజెప్తే గిట్లనే అయితదంటరు. సగం కాడ ఆగినట్టయింది. మళ్ల కదిలింది. తెచ్చుకున్న సద్ది డబ్బ మూత తియ్యనే లేదు. పొద్దు వాలేటాళ్లకు అయిపోయింది. నమ్మకం లేక ఒక ముసలవ్వ మోకాలి ఎక్స్‌రే తెరిచిన. బొక్కలు తెల్లగ, సాఫుగ కనబడ్డయి. అప్పుడు ఏడుపొచ్చింది.

"నీకు మెసేజ్‌లు రాలేదా?" అన్నడు సారు.

"వచ్చినయి సార్, నేనే చూసుకోలేదు," అన్న. మొగని పరువు కాపాడిన, నా పరువు తీసుకున్న. బస్సుల కూసుని దారంతా దాని మీదనే కుమిలిన. ఊరొచ్చేలోపల మెసేజ్‌ల మ్యూట్ తీసేసి, ఫోన్ తాళం నంబరు మార్చిన.

ఇంటికొచ్చి మళ్ల రొట్టెలకు కూసున్న. పరమేష్ నా ఫోన్ పట్టుకొని వంటింట్లకొచ్చిండు. "ఏందే, ఇది తెరుసుకుంటలేదు?"

"తెరుసుకోదు."

"అంటే?"

అప్పుడే టింగుమన్నది. కొత్త షేర్ల మొదటి రాత్రి బ్యాకప్ పడ్డదన్న మెసేజ్. అత్త లోపల్నించి గొణుగుతాంది. పిండి చేతుల్తోనే ఆయన చేతిలకెల్లి ఫోన్ గుంజుకున్న.

"రొట్టె మాడుతాంది, జర తిప్పు. నాకు మెసేజ్ వచ్చింది," అన్న.