పల్లిచెక్క ముద్ద

దత్తాత్రేయ చేపలు పడతాడని వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. మహబూబాబాద్ మార్కెట్లో వాళ్ళది పశువుల దాణా దుకాణం. తవుడు, పల్లిచెక్క, పత్తిచెక్క బస్తాలకు బస్తాలు పోతాయి. గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు. అటువంటి ఇంటి పెద్దమనిషి అరవయ్యేళ్ళ వయసులో కుంట గట్టున గాలం వేసుకుని కూర్చుంటాడంటే ఊళ్ళో నవ్వుతారు. అందుకే ప్రతి గురువారం పొద్దున బయ్యారం వైపు రైతులను కలిసి వస్తానని చెప్పి స్కూటర్ తీసేవాడు.

చిన్నప్పుడు బడిలో పోశాలు అనే స్నేహితుడు నేర్పిన విద్య అది. తర్వాత నలభై ఏళ్ళు దాని జోలికి పోలేదు. రెండేళ్ళ కింద భార్య సరస్వతి చనిపోయాక దుకాణంలో కూర్చోవడం అతనికి కష్టమైంది. వచ్చినవాళ్ళు ఆమె మాట ఎత్తేవాళ్ళు, ఎత్తనివాళ్ళు జాలిగా చూసేవాళ్ళు. దుకాణం కొడుకు సందీప్‌కు వదిలేసి ఊరికే తిరుగుతుంటే ఒకరోజు బయ్యారం అవతల ఎర్రకుంట కనిపించింది. నీళ్ళ మీద బెండు కదలకుండా నిలబడితే మనసు కూడా కాసేపు నిలబడుతుందని అక్కడ తెలిసింది. పడ్డ చేపను తిరిగి నీళ్ళలో వదిలేవాడు, లేదంటే ఎవరికైనా ఇచ్చేవాడు.

ఆ ఎవరో చాలావరకు మోతీబాయే. కుంటకు పైన లంబాడీ తండా ఉంది. మోతీబాయి అక్కడ ఒక్కతే ఉంటుంది. భర్త బాల్‌సింగ్ ఉన్న రోజుల్లో వాళ్ళకు నలభై పశువులు ఉండేవట. గంగారం అడవుల దాకా తోలుకుపోయి నెలల తరబడి అక్కడే మేపేవాళ్ళట. మేతకు పోయే చోట్లు ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి, మంద కరిగిపోయింది, బాల్‌సింగ్ కూడా పోయాడు. ఇప్పుడు ఆమెకు మిగిలింది ధోళి అనే తెల్లావు, దాని పెయ్యదూడ, రెండు మేకలు.

మొదటిసారి కలిసినప్పుడు ఇద్దరికీ గొడవైంది. ఎరకోసం అతను కలుపుకున్న ముద్దను మేకలు తినిపోయాయి. ఆమె తోలుకొచ్చిన ఊరి బర్రెలు నీళ్ళలో దిగి కలియదిప్పేశాయి. దత్తాత్రేయ కోపంగా పశువులను అటు తోలుకుపొమ్మంటే, కుంట నీళ్ళు పశువులకు కాక ఎవరికని ఆమె అడిగింది. అతను నవ్వేశాడు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి గురువారం ఇద్దరూ అదే గట్టున ఉండేవాళ్ళు. మాటలు ఎక్కువ ఉండేవి కావు. పశువులు నీళ్ళకు దిగే వేళ ఆమె ముందే కేకేసేది, అతను గాలాలు పైకి లాక్కునేవాడు. బర్రెలు ఒళ్ళు చల్లబడి లేచిపోయాక మళ్ళీ వేసేవాడు. ఆమెకు అతని పేరు అక్కర్లేదు. సేటు అని పిలిచేది.

దత్తాత్రేయ ఎర దుకాణం సరుకుతోనే చేసేవాడు. పల్లిచెక్కను నానబెట్టి, తవుడు కలిపి, నిమ్మకాయంత ముద్ద చేసి, దాని చుట్టూ నాలుగు గాలపు ముళ్ళు గుచ్చి నీళ్ళలోకి విసిరేవాడు. ఆ వాసనకు ధోళి ఎక్కడున్నా వచ్చేది. అతని సంచిలో మూతి పెట్టేది. గరుకు నాలుకతో అతని మణికట్టు నాకేది. అతను ప్రతిసారీ ఒక పిడికెడు చెక్క దాని నోటికి అందించేవాడు. దానికి రుచి మప్పుతున్నావని మోతీబాయి మందలించేది కానీ, ఆమెకు అది ఇష్టమేనని ముఖంలో తెలిసేది.

మార్చి నెల చివరి గురువారం ఎండ బాగా ముదిరింది. మోతీబాయి నీళ్ళు తాగివస్తానని చెప్పి తండాకు పోయింది. బర్రెలు దిగుతుంటే దత్తాత్రేయ ఒక గాలం పైకి లాగి, ముద్దతో సహా గడ్డి మీద పెట్టాడు. మామూలుగా అయితే ముద్ద విప్పి ముళ్ళు డబ్బాలో వేసేవాడు. ఆరోజు అంతలోనే అవతల పెట్టిన రెండో గాలం బెండు ఒక్కసారిగా మునిగింది. అతను పరుగెత్తాడు. బొచ్చె చేప. అంత పెద్దది అతనికి ఎప్పుడూ తగల్లేదు. దారం వదులుతూ, లాగుతూ, మోకాళ్ళ లోతు బురదలో దిగి దాన్ని ఒడ్డుకు చేర్చేసరికి పావుగంట పట్టింది. రెండు చేతులా ఎత్తి పట్టుకుని, చిన్నపిల్లాడిలా సంబరపడుతూ వెనక్కి వచ్చాడు.

గడ్డి మీద ముద్ద లేదు. ముళ్ళూ లేవు. దారం మూరెడు దగ్గర తెగి ఉంది.

ధోళి పదడుగుల దూరంలో నిలబడి ఉంది. తల పక్కలకు విదిలిస్తోంది. నాలుక బయటికి తీసి లోపలికి లాక్కుంటోంది. దత్తాత్రేయ చేప కింద పెట్టి గడ్డంతా చేతులతో వెతికాడు. మేక తిన్నదేమో అనుకున్నాడు. కుక్క ఎత్తుకుపోయిందేమో అనుకున్నాడు. ఆవు దగ్గరికి పోయి నోరు చూడబోతే అది వెనక్కి జరిగింది. పెదవి చివర దారం పోగేమీ కనిపించలేదు. కనిపించకపోవడమే అతనికి ధైర్యమిచ్చింది.

అప్పుడే మోతీబాయి వచ్చింది. చేపను చూసి రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. ఇంత చేప ఈ కుంటలో ఉందని తనకే తెలియదంది. అతను చేపను ఆమెకు ఇచ్చేశాడు. నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. చెబితే తండా అంతా పోగవుతుంది, మార్కెట్ దాకా పాకుతుంది, సందీప్‌కు తెలుస్తుంది, కోడలికి తెలుస్తుంది. పైగా ఆవు తిన్నదని కళ్ళతో చూశాడా? ఏమీ కాకపోవచ్చు. పశువులు ఎన్నో మింగి అరిగించుకుంటాయి. అలా అనుకుంటూ సామాన్లు సర్దుకున్నాడు. ఆమె చేపను కొంగులో చుట్టుకుని సంతోషంగా తండా వైపు పోతుంటే, ఆవు ఆమె వెనకాల తల వంచుకుని నడిచింది.

శుక్రవారం అతనికి అన్నం సయించలేదు. శనివారం దుకాణంలో ఎవరో రైతు తన ఎద్దు మేత ముట్టడం లేదని చెబుతుంటే లేచి బయటికి పోయాడు. ఆదివారం స్కూటర్ తీసి, సగం దారిదాకా పోయి తిరిగి వచ్చాడు. సోమవారం పొద్దున బండి నేరుగా తండాలోకి పోనిచ్చాడు.

ధోళి మోతీబాయి గుడిసె ముందు పడుకుని ఉంది. మెడ ముందుకు చాచి పెట్టింది. నోటినుంచి తీగలా చొంగ కారుతోంది. గొంతు కింద వాచింది. దూడను పక్కన గుంజకు కట్టేశారు, అది తల్లి వైపు చూసి అరుస్తోంది. గురువారం రాత్రి నుంచి నీళ్ళు కూడా దిగడం లేదని, పశువులకు సూదులిచ్చే అతను వచ్చి గాలికుంటు జబ్బు కావచ్చని మందిచ్చి పోయాడని మోతీబాయి చెప్పింది. ఎవరిదో దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పేసిందట కూడా. నాలుగు రోజులుగా నిద్ర లేక ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

దత్తాత్రేయ నిలబడే చెప్పాడు. గాలం సంగతి, ముద్ద సంగతి, తెగిన దారం సంగతి. చెబుతున్నంతసేపూ ఆమె ఆవు మెడ నిమురుతూనే ఉంది. అతను ఆపేశాక తలెత్తింది.

“గా దినమే చెప్తే ఏమయితుండె సేటు?”

ఆమె చేయి ఆవు వాచిన గొంతు మీద ఆగింది.

“నువ్వు చేప నా చేతుల పెట్టినప్పుడు నీకు ఎరుకేనా?”

“అనుమానం ఉండె.”

 ఆమె తిట్టలేదు. తండాలో సురేందర్ అనే అతనికి ట్రాలీ ఆటో ఉంది. దత్తాత్రేయ అతన్ని పిలిపించాడు. నలుగురు పట్టి ఆవును ఎక్కించారు. మోతీబాయి దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడవునా వాళ్ళ భాషలో దానితో ఏదో మాట్లాడుతూనే ఉంది. వెనకాల స్కూటర్ మీద వస్తున్న దత్తాత్రేయకు ఆ మాటలు అర్థం కాలేదు.

పశువుల దవాఖానలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. గాలం ఆహారనాళంలో దిగబడి, నాళం చిల్లుపడి, లోపలంతా చీము పట్టిందని చెప్పింది. అదే రోజు తెచ్చి ఉంటే దవడలు తెరిపించి చేత్తోనే తీసే వీలుండేదని, ఇప్పుడు కోసినా నిలబడదని అంది. ఆమె మామూలుగానే చెప్పింది. ఎవరినీ తప్పుపట్టలేదు. దత్తాత్రేయ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సాయంత్రం నాలుగింటికి షెడ్డులో ధోళి కాళ్ళు ఒకసారి బిగపట్టి ప్రాణం వదిలేసింది. మోతీబాయి దాని మెడలోని తాడు ముడి విప్పడానికి చాలాసేపు తంటాలు పడింది. వాపు వల్ల ముడి లోపలికి పోయింది. దత్తాత్రేయ సాయం చేయబోతే చేయి అడ్డం పెట్టింది.

మరునాడు అతను తండాకు పోయి మంచి పాలావును తెచ్చిస్తానన్నాడు. ఆమె దూడకు సీసాతో పాలు పట్టిస్తోంది. దూడ తాగనని తల తిప్పుకుంటోంది.

“ఇంకో ఆవు తెస్తే నీ పానం నిమ్మలమయితది సేటు,” అంది ఆమె. “నాది గాదు. నువ్వు ఇగ పో.”

నాలుగు రోజులకు ఆమె కూతురు శోభ వచ్చి తల్లినీ, దూడనూ, మేకలనూ టేకుమట్ల దగ్గర ఉన్న తమ ఊరికి తీసుకుపోయిందని సురేందర్ చెప్పాడు. దత్తాత్రేయ గాలాలన్నీ విరిచి మార్కెట్ వెనక చెత్తకుండీలో పడేశాడు. గురువారాలు దుకాణంలోనే కూర్చున్నాడు. ఇంట్లోవాళ్ళు అతను కుదుటపడ్డాడని సంతోషించారు.

వానలు మొదలై పొలాలు పచ్చబడ్డాక ఇక ఆగలేకపోయాడు. సురేందర్ దగ్గర ఊరి పేరు అడిగి తెలుసుకుని బస్సెక్కాడు. శోభ వాళ్ళ ఇల్లు పత్తి చేల పక్కన రేకుల ఇల్లు. మోతీబాయి పందిరి కింద కూర్చుని పెసరకాయలు ఒలుస్తోంది. చిక్కిపోయింది. అతన్ని చూసి ఆశ్చర్యపోయి లేచి నిలబడింది. ఎర్రకుంట గట్టు మీద కలిసే సేటు అని కూతురికి చెప్పింది. శోభ మంచం వాల్చి మంచినీళ్ళు ఇచ్చింది. దూడ పెరట్లో ఉంది. కొద్దిగా ఎదిగింది, ఒళ్ళు నిగనిగలాడుతోంది. ఆ మూడు నెలల్లో అతనికి ఊపిరాడినట్టనిపించింది అప్పుడే.

శోభ మాటకారి. అమ్మ ఎప్పుడూ తండా ధ్యాసేనని, ఇక్కడ కాలు నిలవడం లేదని చెప్పింది. దసరా దాటాక దూడను తోలుకుని పోతానంటోందని, తానూ సరేనన్నానని అంది. మాటల మధ్యలో ఆవు సంగతి వచ్చింది.

“ఎవని చేన్లనో కంచె తీగ తిన్నదట. గా ఒక్క తీగ ముక్క మా అవ్వ బతుకు ఆగం జేసింది సేటు.”

దత్తాత్రేయ మోతీబాయి వైపు చూశాడు. ఆమె పెసరకాయల చాట మీదినుంచి చూపు ఎత్తలేదు. అయితే ఆమె ఎవరికీ చెప్పలేదన్నమాట. తండాలో కూడా చెప్పి ఉండదు.  ఆరోజు చేప చేతిలో పెట్టి ఊరుకున్నట్టు మళ్ళీ ఇక్కడ కూడా ఊరుకోవాలా అనిపించింది. గ్లాసు కింద పెట్టాడు.

“తీగ గాదు బిడ్డా. నా గాలం. నాతోనే అయింది. తెలిసి గూడ నాలుగు దినాలు చెప్పలే.”

శోభ ముందు నమ్మలేదు. తల్లి ముఖం చూశాక నమ్మింది. ఆమె అరవలేదు. నీళ్ళ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. కాసేపటికి గడప దగ్గర నిలబడి, అతనితో కాకుండా తల్లితో అంది: “నువ్వు ఒక్కదానివి గాడ ఉంటె, నీకేమన్న అయితె గూడ గిట్లనే దాస్తరు. నాలుగు దినాలకు చెప్తరు. ఇగ నువ్వు ఆడికి పోయేది లేదు.” మోతీబాయి ఏదో అనబోయింది. శోభ వినలేదు. దూడ కళ్ళ ముందుంటే తల్లి తండా మాట మానదని, దాన్ని రేపే అమ్మేస్తానని చెప్పి లోపలికి పోయింది.

దత్తాత్రేయ లేచాడు.  మోతీబాయి దారి దాకా అతని వెనకే వచ్చింది. పత్తి చేల మీదుగా చల్లగాలి వస్తోంది. చాలా రోజుల తర్వాత ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు.

“నేను చెప్పకుంట ఊకున్నది నీ కోసం గాదు సేటు,” అంది ఆమె. “నా తండాకు నేను పోవాలని. నీ పానం తేలికయిందా ఇప్పుడు?”

అతను కాలేదని తల అడ్డంగా ఊపాడు. నిజంగానే కాలేదు. ఆమె వెనక్కి తిరిగి ఇంటి వైపు నడిచింది. పెరట్లో దూడ అరుస్తుంటే, ఇంట్లోకి పోకుండా దాని దగ్గరికే పోయింది. దత్తాత్రేయ బస్సు ఆగే చోటికి వచ్చి రాతి మీద కూర్చున్నాడు. మొదటి బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ రెండుసార్లు పిలిచాడు. అతను లేవలేదు.