నోరు తెరిచిన గుల్లలు

మిట్టమధ్యాహ్నానికి మూడో గంప కూడా ఏరేశారు. బతికున్న గుల్లలు పిడికెడు దొరకలేదు. బతికున్న గుల్ల మూతి బిగించుకుని ఉంటుంది, వేలితో తడితే ఇంకా బిగుస్తుంది. ఇవన్నీ నోళ్లు తెరుచుకుని కంపు కొడుతున్నాయి. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఏరుతోంది. అత్తకు ఆ అవసరం లేదు, నలభై ఏళ్లుగా ఉప్పుటేటి బురదకు ఆమె ముక్కు అలవాటు పడిపోయింది.

ఆ ఇంటికి ఇన్నాళ్లూ కూడు పెట్టింది ఈ గుల్లలే. మాంసం సంతకు, చిప్పలు సున్నపు బట్టీకి, నలిగిన ముక్కలు కోళ్ల దాణాకు పోయేవి. పారేసేదంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు బట్టీవాడు తప్ప గంప వైపు చూసే నాథుడు లేడు.

అలాంటి వేళ కొడుకు ఫ్యాక్టరీ గుమాస్తాను వెంటబెట్టుకుని వచ్చాడు. కొడుక్కి ఆ ఫ్యాక్టరీలోనే ఉద్యోగం, మురుగు ఏట్లోకి వదిలే తూము దగ్గర. గుమాస్తా అరుగు మీద కాగితం పరిచి చదివాడు. ఎగువ వానలకు ఏట్లో మంచినీళ్లు ఎక్కువై, ఉప్పు తగ్గి గుల్లలు చచ్చాయనీ, ఫ్యాక్టరీకి ఇందులో ఏ సంబంధమూ లేదనీ ఈ ఇంటివాళ్లే చెబుతున్నారట.

వాన మాట అత్తదే. కాకపోతే మూడేళ్ల కిందటిది. అప్పుడు నిజంగానే వానలకు గుల్లలు పోయాయి. ఫ్యాక్టరీవాళ్లు కుర్చీ వేసి, టీ ఇచ్చి అడిగితే, ఆవిడ పొంగిపోయి తనకు తెలిసిందంతా చెప్పింది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మాట అడగడం అదే మొదలు మరి. ఆ మాటను పెద్దమనుషులు భద్రంగా దాచుకుని ఇప్పుడు బయటికి తీశారు.

కోడలికి ఒళ్లు మండింది. మంచినీళ్లు తగిలితే గుల్ల మూతి బిగించుకుని రోజుల తరబడి ఓర్చుకుంటుందనీ, ముందు పోయేవి పసిగుల్లలేననీ ఆమెకు నేర్పింది ఈ అత్తే. ఈసారి బురదలో జానెడు లోతున ఉండే ముదురు గుల్లలు ఊపిరాడక పైకొచ్చి చచ్చాయి. అదీ ఫ్యాక్టరీ మురుగు వదిలిన మర్నాడే, తూము దగ్గర మొదలైంది. గుల్ల నీళ్లు పీల్చి, అందులోని మేత ఉంచుకుని, నీళ్లు వదిలేస్తుంది. ఏట్లో ఏది కలిపితే అదే దాని కడుపులోకి పోతుంది.

అత్త మాత్రం కొడుకు మొహం చూసి బొటనవేలు చాపింది. సిరా పూసి నొక్కితే నల్లటి మచ్చ పడింది, గీత ఒక్కటీ లేదు. చిప్పల అంచులు ఆ గీతల్ని ఎప్పుడో తినేశాయి. గుమాస్తా తుడిచి మళ్లీ నొక్కించాడు. రెండో చెయ్యి కూడా అయింది. ఈ మచ్చలు చెల్లవని విసుక్కుని, కోడలికి చదువొచ్చు కదా, సంతకం పెట్టమన్నాడు.

"పెట్టెయ్యి," అన్నాడు భర్త. "ఎలాగూ చచ్చినవి లేచి రావు. ఉన్న ఒక్క జీతం కూడా పోతే ఏం తింటాం?"

అందులో అబద్ధం లేదు. అందుకే ఆమెకు ఏడుపొచ్చింది. పెన్ను తీసుకుంది, కాగితం మీదికి వంగింది, ఆగింది.

"ఆ రోజు తూము తలుపు ఎత్తింది నువ్వే కదా," అంది మెల్లగా. "వానకే చచ్చాయని మీ అమ్మ మొహం చూసి ఒక్కసారి చెప్పు. పెట్టేస్తాను."

అతను తల వంచుకుని, చొక్కా మీది కంపెనీ గుర్తును గోటితో గీరుతూ నిలబడ్డాడు.

గుమాస్తా కాగితం మడిచాడు. రేపటిలోగా ఆలోచించుకోమన్నాడు. తూము తలుపు ఎత్తడానికి మనుషులకేం కరువు లేదని కూడా అన్నాడు. కోడలు పెన్నుకు మూత పెట్టి అతని చేతికిచ్చింది.

"రేపు కూడా పెట్టను సార్."

అత్త కోడలి వైపు చూడలేదు, కొడుకు వైపూ చూడలేదు. గంపలోంచి ఒక చచ్చిన గుల్ల తీసి, దాని చిప్పతో బొటనవేలి సిరా గీకడం మొదలుపెట్టింది. సిరా పోలేదు. ఆమె గీకుతూనే ఉంది.