అభ్యంతరాలు లేవు

కొండను క్వారీకి ఇచ్చేముందు జనం మాట వినాలని చట్టం. అందుకని బడి ఆవరణలో సభ పెట్టారు. ఎవరేం మాట్లాడినా పొల్లుపోకుండా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకోవడం స్టెనో పని. పదహారేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే.

క్వారీ వద్దని పోరాడుతున్న సంఘం తరఫున పాతికమంది మాట్లాడారు. ఆఖర్న బట్టలుతికే ముసలామె మైకు అందుకుంది.

"పక్క కొండ పేల్చినప్పుడే మా గోడ నిలువునా చీలింది. ఆరేసిన బట్ట మళ్ళీ ఉతకాల్సొచ్చేది. ఇదీ పేల్చారంటే నేనుండను." ఆమె స్టెనో వైపు తిరిగింది. "రాసుకున్నావా, తల్లీ?"

"రాసుకున్నానమ్మా."

మర్నాడు సభ నడిపిన అధికారి స్టెనోను తన గదిలోకి పిలిచాడు. "అంత చాంతాడు ఎవడు చదువుతాడు? అభ్యంతరాలు లేవని నాలుగు ముక్కలు కొట్టండి, చాలు."

ఆమె అలాగే కొట్టింది.

నాలుగు నెలలకు, పేలుళ్ళు మొదలైన వారానికే, ముసలామె ఆ గోడ కిందే పోయింది. ఆ చావు నివేదిక టైపు చేయాల్సిందీ స్టెనోయే.

అప్పట్నుంచి ఆ గొంతు ఆమెను వదల్లేదు. బస్సులో, కుళాయి కింద, కుక్కరు కూతల మధ్య అదే ప్రశ్న. ఒకరోజు అన్నం వడ్డిస్తూ పైకే జవాబు చెప్పేసింది.

"ఎవరితోనే?" అంది అత్తగారు.

అంతా చెప్పింది. అత్తగారు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"ఉద్యోగం పోతే కలో గంజో తాగుదాం. నిన్నిలా చూడలేనే."

స్టెనో తన షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీసుకెళ్ళి సంఘం లాయరు చేతిలో పెట్టింది.

కోర్టులో ప్రభుత్వ లాయరు నవ్వాడు. "ఈ కోడిగీతలకి ఏ అర్థమైనా చెప్పొచ్చండీ." జడ్జి ఆమెను పైకి చదవమన్నాడు. కోర్టు స్టెనో పక్కన నిలబడి గీత గీతా సరిచూసి, ఒక్క మాట తేడా లేదన్నాడు.

క్వారీ ఆగింది. ఆమెను సస్పెండ్ చేశారు. అధికారి బదిలీ మీద వెళ్ళాడు, అదీ పై పోస్టుకి.

ఒక మధ్యాహ్నం ముసలామె కూతురు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"అమ్మది ఒక్క ఫొటో కూడా లేదండీ. ఆ రోజు ఇంకేమైనా అందా?"

స్టెనో ఆ పుస్తకం జిరాక్సు కాగితాలు తీసి చూసింది. ముసలామె మాటల తర్వాతి వరుసలో సభ ముగిసిన సమయం మాత్రం ఉంది.

"ఇంకేం లేదమ్మా."

కూతురు కాగితం దగ్గరికి లాక్కుని వంగింది. "ఇందులో మా అమ్మ ఎక్కడుందండీ?"

స్టెనో ఆమె వేలు పట్టుకుని, ఆ గీతల మీద పెట్టింది.