స్లౌస్ వీధి నిషేధం

రూల్ఫ్ దవడ పగలగొట్టింది సుత్తితో. అతని నగల షాపులో అద్దాలు పగలగొట్టడానికి దొంగలు తెచ్చిన సుత్తే అది. వచ్చిన ఇద్దరూ హెల్మెట్లు తీయకుండా ముందు అద్దాన్ని, తర్వాత అతన్ని కొట్టారు. పక్కనే సైకిళ్ళ షాపులో ఉన్న హార్కోకి గానీ, ఎదురుగా నా మాంసం కొట్లో పంది తొడ కోసుకుంటున్న నాకు గానీ ఏమీ వినిపించలేదు. రూల్ఫ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చి, వేళ్ళ సందుల్లోంచి పళ్ళు రాలుతుంటే అప్పుడు చూశాం.

అప్పటిదాకా మా స్లౌస్ వీధి దుకాణదారుల సంఘమంటే క్రిస్మస్‌కి దీపాల తోరణాలు, వసంతంలో పూలకుండీలు, అంతే. ఆ తర్వాత బటన్లు వచ్చాయి. గల్లాపెట్టె కింద చిన్న బటన్. ఎవరు నొక్కినా వీధిలో ప్రతి షాపులోనూ దీపం వెలుగుతుంది. ప్రతి షాపు నుంచీ ఒక మనిషి, చేతిలో ఏముంటే దాంతోనే, పరుగెత్తుకు రావాలి. రూల్ఫ్ ప్రెసిడెంటు అయ్యాడు. దవడలో ఇనుప పలక వేశారు కాబట్టి మాట ముద్దముద్దగా వస్తుంది, అయినా మీటింగులో అతనికి అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

బటన్‌తో పాటే నిషేధం కూడా. ఒక షాపులో దొంగతనం చేసి దొరికితే వీధి మొత్తంలో ఏ గడపా తొక్కకూడదు. వాడి ఫోటో అందరి గల్లాపెట్టెల దగ్గరా ఉంటుంది. యజమాని జాలిపడి రానిచ్చినా కుదరదు. ఒకడు తలుపు తీస్తే మిగతావాళ్ళు మూసుకున్నదానికి అర్థమేమిటని రూల్ఫ్ వాదన. అందరితో పాటు నేనూ చెయ్యెత్తాను.

పోయిన ఏడాది ఎండాకాలంలో వచ్చిన ఫోటో మా తమ్ముడు సిక్కోది. హార్కో షాపులో డ్రిల్లు కోటులో దాచుకుని దొరికాడు. కాలరు పట్టుకుంటే గాలిపంపు తీసుకుని హార్కో ఎడమ చెవి మీద కొట్టాడు. ఆ చెవి మళ్ళీ పనిచేయలేదు. ఏడాది నిషేధం వేశారు. అప్పుడూ నేను చెయ్యెత్తాను, ఏం చెయ్యమంటారు.

మీటింగు అయ్యాక హార్కో నా దగ్గరికి వచ్చాడు.

"నీ తమ్ముడు కాబట్టి ముందే చెబుతున్నా వుబ్బో. ఈసారి ఈ వీధిలో గడప తొక్కితే నడుచుకుంటూ మాత్రం వెళ్ళడు."

ఊరికే అనే మనిషి కాదు. శరత్కాలంలో మందుల షాపులో సెంటు సీసాలు ఎత్తుకెళ్తూ ఒకడు దొరికితే, హార్కో వాడి అరచేతి మీద బూటు మడమ పెట్టి తిప్పాడు. ఎముకలు విరిగిన చప్పుడు అందరం విన్నాం. తర్వాత ఎప్పుడో పోలీసులు వచ్చి, బేకరీ ఆల్త్యే ఇచ్చిన కాఫీ తాగి, "పడ్డాడా?" అని అడిగారు. పడ్డాడనే చెప్పాం.

ఫిబ్రవరిలో నాకు యాభై నిండాయి. మా వైపు యాభై నిండినవాణ్ణి బైబిల్లోని ముసలి అబ్రహామును చూశాడంటారు. రొట్టెపిండితో గడ్డం ముసలాణ్ణి కాల్చి, మీద పేరు రాసి ఇస్తారు. మా గ్రోనింగెన్ ఊరంతా మంచూ వానా కలిసి పడుతున్న పొద్దున అది. షాపు తెరిచి ఖీమా పళ్ళేలు సర్దుతుంటే తలుపు సగం తెరుచుకుంది. లోపలికి రెండు చేతులే వచ్చాయి, వాటిలో ఆల్త్యే బేకరీ డబ్బా.

"హ్యాపీ బర్త్‌డే అన్నా."

"లోపలికి రాకు సిక్కో."

"రాలేదుగా. చూడు, బూట్లు బయటే ఉన్నాయి. చేతులొక్కటే లోపల. మీ సంఘం చేతులకి ఫోటో తియ్యలేదు కదా."

"నీ చేతులకే తియ్యాల్సింది."

నవ్వాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. తడిసి బరువెక్కిన కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కానీ కళ్ళు చాలా ఏళ్ళ తర్వాత తేటగా కనిపించాయి.

"మత్తు మానేశావా?"

"క్రిస్మస్ ముందే. ఎవరికీ చెప్పకు, మన ఇంటి పరువు పోతుంది. తీసుకో, పెట్టేసి పోతా. తడిస్తే ముసలాడి గడ్డం ఊడిపోతుంది."

ఎదురుగా చూశాను. హార్కో ఇటు వీపు పెట్టి చక్రానికి గాలి కొడుతున్నాడు. డబ్బా అందుకుని పంపించేయాల్సింది. కానీ వాడు చలికి వణుకుతున్నాడు, వాడు నా తమ్ముడు, షాపు నాది.

"కాఫీ తాగి పో," అని చేయి పట్టి లోపలికి లాగాను.

కాఫీ వంచేలోపే దీపం వెలిగింది. వీధిలో ఎవరో చూసి బటన్ నొక్కారు.

ముందు హార్కో వచ్చాడు, చేతిలో సైకిలు తాళం వేసే లావుపాటి గొలుసు. వెనకే రూల్ఫ్, మందుల షాపతను, చెప్పుల షాపతను.

"నేనే పిలిచాను. కాఫీ తాగి వెళ్ళిపోతాడు," అన్నాను.

"నువ్వు పిలవడానికి లేదు. అది నువ్వు చెయ్యెత్తిన రూలే," అన్నాడు రూల్ఫ్. బల్ల మీది డబ్బా చూశాడు. "అది ఎక్కడిది?"

"కొన్నదే," అన్నాడు సిక్కో.

"నీకు ఎవరమ్మారు? ఆల్త్యే అమ్మదు. ఈ వీధిలో ఎవరూ అమ్మరు."

మూత ఎత్తాడు. బాదం పలుకుల గడ్డంతో రొట్టె ముసలాడు, పొట్ట మీద పంచదారతో నా పేరు. రూల్ఫ్ మొహం మారింది.

"ఇది మేం చేయించింది వుబ్బో. సంఘం తరఫున. మధ్యాహ్నం అందరం వచ్చి ఇద్దామనుకున్నాం. వీడు దీన్నీ ఎత్తుకొచ్చాడు."

"కాదండీ, నేను ఒకావిడతో—"

గొలుసు వాడి నోటి మీద పడింది. వాడు వెనక్కి పడి అద్దాల అరలోకి వీపుతో వెళ్ళాడు. అద్దం, సాసేజ్‌లు, వాడు అన్నీ కలిసి కిందికి వచ్చాయి. లేవబోతే చెప్పుల షాపతను కడుపులో తన్నాడు. నేను బల్ల దూకాను. మందుల షాపతను, రూల్ఫ్ చెరో రెక్కా పట్టుకుని నన్ను గోడకి అదిమారు.

"నీ మంచికే," అంటున్నాడు రూల్ఫ్ నా చెవిలో.

హార్కో తొందరపడలేదు. గొలుసు మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుని, కొసన తాళం వేలాడేలా పట్టుకుని కొట్టాడు. భుజం మీద. తల మీద. సిక్కో మోకాళ్ళు ముడుచుకుని, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని, "అన్నా" అన్నాడు. ఇంకే మాటా అనలేదు.

ఆల్త్యే మోకాలు నొప్పితో ఎప్పుడూ అందరికన్నా వెనక వస్తుంది. తలుపు దగ్గర ఆగింది. పరుగెత్తేటప్పుడు చేతిలో ఏముందో అదే తెచ్చింది. అలాంటిదే ఇంకో డబ్బా.

"రెండు చేశాను," అంది. "మీది ఇదిగో, ఇది. అది నిన్న బస్సు నడిపే ఆవిడ వచ్చి డబ్బు కట్టి చేయించింది. బస్టాపులో ఎవరో డబ్బిచ్చి చేయించమని బతిమాలాడట. హార్కో, ఆపు. ఆపమంటున్నానా."

నన్ను పట్టుకున్న చేతులు వదులయ్యాయి. కానీ ఆల్త్యే నిలబడింది హార్కోకి ఎడమ వైపు. పనిచేయని ఆ చెవికి వినిపించలేదు. చెయ్యెత్తాడు, సిక్కో చేతులు మొహం మీది నుంచి జారిన క్షణంలోనే దించాడు. తాళం కంటి మీద పడింది. పచ్చి గుడ్డు నేలకి కొట్టినట్టు చిన్న చప్పుడు.

నా చేతికి మాంసం చదును చేసే సుత్తి దొరికింది. హార్కో మణికట్టు పట్టి బల్ల అంచు మీద పెట్టి కొట్టాను. ఎముక విరిగింది. మళ్ళీ కొట్టాను. రెండో దెబ్బ అవసరం లేదని పోలీసులు తర్వాత అన్నారు. వాళ్ళకి తెలియదు కాబట్టి అన్నారు.

సిక్కో ఎడమ కన్ను తీసేశారు. ఆసుపత్రికి సంఘం పూలు పంపింది. నా అద్దాల అర కూడా సంఘమే బాగుచేయించింది, ఆ మాట దాచను.

తర్వాతి వారం రూల్ఫ్ వచ్చాడు. చేతిలో ఫోటో. సంఘం పిక్నిక్‌లో తీసిందే, పక్కవాళ్ళని కత్తిరించి నన్నొక్కణ్ణే ఉంచారు.

"సభ్యుడి మీద చెయ్యి చేసుకున్నావు. ఏడాది," అన్నాడు.

"హార్కోకి?"

"హార్కో దీపం వెలిగితే వచ్చాడు. రూలు ప్రకారమే వచ్చాడు. తప్పు డబ్బా విషయంలో జరిగింది, దానికి అందరం బాధపడుతున్నాం."

"అయితే రొట్టె కూడా కొనుక్కోలేనన్నమాట."

"పక్క వీధిలో ఉంది బేకరీ." అతను గొంతు తగ్గించాడు. "ఇంకోటుంది. నీ షాపూ సంఘంలోదే. రూలు చూస్తే నువ్విక్కడికి కూడా రాకూడదు. దాని గురించి మాట్లాడదాంలే, ఏదో ఒకటి చేద్దాం."

"ఏం చేయక్కర్లేదు. నన్ను తీసెయ్యండి."

"ఆలోచించుకో వుబ్బో. రేపు నీ షాపుకి సుత్తులతో ఎవరైనా వస్తే ఒక్కడూ రాడు."

"వచ్చారుగా ఒకసారి."

రూల్ఫ్ దవడ తడుముకున్నాడు. అది అతని అలవాటు. ఫోటో బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

సిక్కో ఇప్పుడు నా దగ్గరే పనిచేస్తున్నాడు. నిన్న ఒకావిడ ఖీమా అడిగింది. కట్టి ఇమ్మని వాడితో చెప్పాను. పొట్లం అందించి, ఆవిడ ఇచ్చిన నోటు కోసం చెయ్యి చాపాడు. చెయ్యి నోటు పక్కనుంచి పోయి గాలిలో మూసుకుంది. మళ్ళీ చాపాడు. ఆవిడ కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

"ఎడమకి," అన్నాను. "ఇంకొంచెం."