చల్లని చోటు వెతికే చేప

పొద్దున్నే తమ్ముడు ఇస్త్రీ పెట్టె వేడెక్కించేవాడు. అక్క బట్టల మీద నీళ్ళు చిలకరించేది. తమ్ముడు రుద్దడం, అక్క మడతపెట్టడం. వీధి వైపు గదిలో పదిహేనేళ్ళుగా అదే పని. అమ్మ పోయేనాటికి వాడు చిన్నపిల్లాడు. వాణ్ణి పెంచడంలో పడి అక్కకి నలభై రెండేళ్ళు వచ్చేశాయి. తన పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.

వాళ్ళ దగ్గర బట్టలు వేసే లెక్చరరు గారికి బదిలీ అయింది. ఆయన ఒక అద్దాల తొట్టి తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఇది చల్లటి సముద్రంలో చేపమ్మా. ఉప్పునీళ్ళు ఉండాలి, అవీ చల్లగా ఉండాలి" అని చెప్పి వెళ్ళిపోయారు. చిటికెన వేలంత చేప. ఒళ్ళంతా ఎరుపు, మెడ దగ్గర నీలం గీతలు.

"నిప్పురవ్వలా ఉంది, దీనికి చల్లదనం కావాలా?" అని నవ్వాడు తమ్ముడు.

మూడో రోజు చేప అడుగున కూలబడి ఆయాసపడుతుంటే, వాడు చలేసిందనుకున్నాడు. వాడికి తెలిసిన వైద్యం ఒకటే, వేడి. ఒక దుప్పటి ఇస్త్రీ చేసి, పొగలు కక్కుతుండగానే తొట్టి చుట్టూ చుట్టాడు. కాసేపటికి చేప నీళ్ళలోంచి పైకి లేచి, గాల్లో ఈదుకుంటూ వెళ్ళి మంచినీళ్ళ కుండ పక్కన ఆగింది.

"చూశావా, ఓపికొచ్చింది."

"ఓపిక కాదురా మొద్దూ, పారిపోయింది. దుప్పటి తియ్యి."

అప్పటినుంచి నీళ్ళు వెచ్చబడితే చాలు, చేప బయటికొచ్చి గదిలో అన్నిటికన్నా చల్లగా ఉన్న చోటు వెతుక్కునేది. బట్టల కోసం వచ్చినవాళ్ళు తల వంచి దారిచ్చేవాళ్ళు. "ఏమ్మా, మీ చేప నా భుజం మీద వాలింది, కాస్త తీసుకో" అనేది పక్కింటి టీచరమ్మ, చిల్లర లెక్క పెట్టుకుంటూనే.

చల్లదనం కోసం ఐసు ఫ్యాక్టరీ మేస్త్రీని అడిగారు. మొదటి రోజు ఆయన ఐసు ముక్క నేరుగా తొట్టిలో వేయబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"కరిగితే ఉప్పు పలచబడిపోదూ?"

మర్నాటినుంచి ఆయన మూత బిగించిన సీసాలో నీళ్ళు గడ్డకట్టించి తెచ్చేవాడు. ఆ సీసా తొట్టిలో తేలుతుండేది. భార్య పోయి ఏడేళ్ళయిన మనిషి, మాట తక్కువ. ఐసు మధ్య తిరిగి తిరిగి ఒళ్ళంతా చల్లనే. ఆయన గుమ్మం ఎక్కగానే చేప వెళ్ళి ఆయన చొక్కా జేబులో దూరేది. దాన్ని తీయడానికి అక్క రోజూ ఆయనకి ఎదురుగా, దగ్గరగా నిలబడాల్సి వచ్చేది.

ఒక బుధవారం అలా తీస్తుండగా ఆయన అన్నాడు. "నన్ను వేరే ఊరి ఫ్యాక్టరీకి వేశారు. శనివారం పొద్దున బండి. మీకిష్టమైతే పెళ్ళి చేసుకుని... మీరూ వస్తారేమోనని."

"శనివారానికి చెబుతాను" అంది అక్క.

ఆ రెండు రోజులూ చొక్కాలు తిరగేసి మడతపెట్టింది. ఒకరి మూట ఇంకొకరికి ఇచ్చింది. వెళ్ళాలనుందా అంటే ఉంది. ఉండిపోవాలనుందా అంటే అదీ ఉంది. ఈ ఆవిరి పడలేక వెళ్ళాలనుకుంటున్నానా, ఆయన కోసమా? తమ్ముడి కోసం ఉండాలనుకుంటున్నానా, అలవాటు చొప్పునా? ఎటు లాగినా చిక్కు బిగుసుకునేదే గాని విడేది కాదు.

"నన్నేం చెయ్యమంటావురా?"

"నువ్వెళితే మడతెవరు పెడతారు?" అన్నాడు తమ్ముడు. మళ్ళీ తనే, "వెళ్ళొద్దనట్లేదు. వెళ్ళమనీ అనట్లేదు" అన్నాడు.

"మరేమంటున్నట్టు?"

"అదే నాకూ అంతుబట్టట్లేదక్కా."

శనివారం మేస్త్రీ భుజాన సంచితో వచ్చాడు. ఆరు ఐసు సీసాలు బల్ల మీద వరసగా పెట్టాడు. "రంపపు పొట్టులో కప్పిపెడితే రేపటిదాకా వస్తాయి. తర్వాత ఇంకెవరినైనా చూసుకోండి" అన్నాడు. అక్క మొహం చూసి, సంచి భుజం మీదికి ఇంకాస్త లాక్కున్నాడు.

చేప తొట్టిలోంచి లేచింది. సీసాలన్నిటినీ ఒక చుట్టు చుట్టింది, ఆగలేదు. మేస్త్రీ జేబులోకి తొంగిచూసి బయటికొచ్చింది. తిన్నగా వచ్చి అక్క కుడిచేతి వేళ్ళ సందులోంచి గుప్పిట్లోకి దూరిపోయింది.

"ఐసు కన్నా నీ చెయ్యి చల్లనా?" తమ్ముడు వచ్చి ముట్టుకుని, చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇదేంటక్కా, ఇలా చల్లబడిపోయావు? జ్వరమా?"

"జ్వరమైతే కాలుతుంది కదరా" అంది అక్క నెమ్మదిగా. "భయం."

"దేనికి?"

అక్క ఆ సంచి వైపు చూసింది. "ఈయన వెళ్ళిపోతున్నాడని."

అనేశాక, ఆ మాట ఇంకెవరో అన్నట్టు ఉలిక్కిపడింది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"తెలిస్తే చెప్పనా?"

మేస్త్రీ సంచి కింద పెట్టాడు. తమ్ముడు గుట్టగా పడి ఉన్న బట్టల్నీ, వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఇస్త్రీ పెట్టె ఆపేశాడు.

"బండి ఎన్నింటికి?" అని అడిగాడు. "తొట్టి బరువు. సగం నీళ్ళు తోడేస్తే నేనో పక్క పట్టుకుంటాను."

అక్క గుప్పిట విప్పకుండా, ఎడమ చేత్తోనే చెప్పులు వేసుకుంది.